ఫొటోలో మెరూన్, పార్శిల్‌లో వంకాయ రంగు: చీర అసలు రంగు కనిపించేలా ఫొటోను ఉచితంగా సరిచేసుకోవడం ఎలా?



సంఘం రుణంతో మగ్గం వేసుకున్నారు, లేదా చీరల వ్యాపారం మొదలుపెట్టారు. సరుకు బాగుంది, ధర అందుబాటులో ఉంది. వాట్సాప్‌లో ఫొటో పెడితే ఆర్డర్ కూడా వచ్చింది. తీరా పార్శిల్ విప్పిన కస్టమర్ "నేను చూసిన రంగు ఇది కాదు" అంటే ఏం చేస్తారు?

ఈ మధ్య ఒక మేళాలో ఫొటోలు తీయడానికి వెళ్తే స్టాల్‌లో ఉన్న ఒక అక్క నాతో ఇదే చెప్పింది. రాత్రిపూట ఇంట్లో బల్బు కింద చీర ఫొటో తీసి పంపిందట. ఫొటోలో మెరూన్‌లా కనిపించింది. అసలు చీర వంకాయ రంగు. పెళ్లికి మెరూన్ కావాలని తెప్పించుకున్నావిడ తిరిగి పంపేసింది. రానూపోనూ కొరియర్ ఖర్చు అక్కకే పడింది. "మోసం చేసింది నేను కాదు సార్, నా ఫోను" అంది. నవ్వుతూనే అన్నా, ఆ చీర మీద మిగలాల్సిన డబ్బు కొరియర్‌కే పోయింది.

ఆ రోజు ఆ అక్కకు చెప్పినదే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను. ముందే ఒక మాట: ఇది కొత్త పథకం కాదు. దీనికి దరఖాస్తు లేదు, ఫీజు లేదు, ఆధార్ అక్కర్లేదు. ఇప్పటికే తీసుకున్న రుణంతో నడిపే వ్యాపారానికి పనికొచ్చే ఒక పని నేర్చుకోవడం, అంతే.

రంగు ఎందుకు మారిపోతుంది?

ఒక్కో వెలుగుకు ఒక్కో రంగు ఉంటుంది. పాతకాలం పసుపు బల్బు వెలుగు పసుపుగా ఉంటుంది. నీడలో పడే ఆకాశపు వెలుగులో కాస్త నీలం ఉంటుంది. దీన్ని కెల్విన్ అనే కొలతలో చెబుతారు. పసుపు బల్బు సుమారు 2,700, మధ్యాహ్నం ఎండ సుమారు 5,500, కూల్ డేలైట్ అని రాసి ఉండే ఎల్‌ఈడీ 6,500, నీడ 7,000 పైన. అంకె తక్కువైతే పసుపు, ఎక్కువైతే నీలం అని గుర్తుపెట్టుకుంటే చాలు.

మన కన్ను ఈ తేడాను తనే సర్దుకుంటుంది. బల్బు కింద కూడా తెల్ల పంచె మనకు తెల్లగానే అనిపిస్తుంది. ఫోన్ కెమెరా కూడా సర్దాలనే చూస్తుంది, కానీ అది లెక్క వేసి ఊహిస్తుంది. ఫొటోలోని రంగులన్నీ కలిపితే దాదాపు బూడిద రంగు రావాలనేది ఆ లెక్కలో ఒక భాగం. ఇంట్లో మనుషులు, గోడ, సామాను అన్నీ ఉన్న ఫొటోకి ఆ లెక్క బాగానే సరిపోతుంది. ఫ్రేమ్ నిండా ఎర్ర చీర పరిచామనుకోండి, "వెలుగే ఎర్రగా ఉంది కాబోలు" అని ఫోన్ పొరబడి ఎరుపును తగ్గించేస్తుంది.

మంగళగిరి చీర లాంటి వాటికి ఈ ఇబ్బంది ఎక్కువ. ఒళ్లంతా ప్లెయిన్‌గా ఒకే రంగు, అంచు మాత్రమే వేరు. పోచంపల్లి ఇక్కత్‌లో నాలుగైదు రంగులు ఉంటాయి కాబట్టి ఫోన్‌కి కొంత ఆధారం దొరుకుతుంది.

ముందు ఫొటో సరిగ్గా తీయండి

సాఫ్ట్‌వేర్ పని సగమే. మిగతా సగం ఫొటో తీసేటప్పుడే అయిపోవాలి.

1. ఉదయం తొమ్మిది, పది గంటల ప్రాంతంలో వరండాలోనో, కిటికీ పక్కనో తీయండి. నేరుగా ఎండ పడకూడదు. ఇంట్లో లైట్లు ఆపేయండి. పగటి వెలుగు, బల్బు వెలుగు కలిస్తే చీరలో ఒక పక్క ఒక రంగు, ఇంకో పక్క ఇంకో రంగు వస్తుంది. దాన్ని ఏ సాఫ్ట్‌వేర్ కూడా సులువుగా బాగుచేయలేదు.

2. రంగు గోడలకు దూరంగా జరగండి. పచ్చ గోడ పక్కన తీస్తే ఆ పచ్చదనం చీర మీద పడుతుంది.

3. చీర పక్కన ఒక తెల్ల కాగితం పెట్టండి. జిరాక్స్ సెంటర్‌లో వాడే మామూలు తెల్ల కాగితం చాలు. చీరకు ఆనించకుండా జానెడు దూరంలో, చీర మీద పడే వెలుగే దాని మీద కూడా పడేలా ఉంచండి. ఆనిస్తే చీర రంగు కాగితం మీద ప్రతిబింబిస్తుంది. మొత్తం పనికి ఈ కాగితమే ఆధారం.

4. కాగితం మరీ మెరిసిపోకుండా చూడండి. కెమెరాలో చీర మీద నొక్కితే పక్కన చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది. దాన్ని కొద్దిగా కిందికి లాగితే వెలుగు తగ్గుతుంది. కాగితం తెల్లగా కనిపించాలి గానీ పాలిపోయి మెరవకూడదు.

5. ఫిల్టర్లు, బ్యూటీ మోడ్ ఆపేయండి.

గింప్ అంటే ఏమిటి?

గింప్ అనేది ఫొటోలు సరిచేసే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్. 1995లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు దీన్ని మొదలుపెట్టారు. అప్పటి నుంచి చాలా దేశాల వాళ్లు స్వచ్ఛందంగా దీన్ని పెంచుతూ వస్తున్నారు. 2025 మార్చిలో మూడో తరం, అంటే గింప్ 3.0 వచ్చింది.

దీన్ని ఓపెన్ సోర్స్ అంటారు. అంటే సాఫ్ట్‌వేర్ లోపల ఏముందో ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. నెలనెలా చందా లేదు. ఫొటో మీద కంపెనీ ముద్ర పడదు. వ్యాపారానికి వాడినా అభ్యంతరం లేదు. విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ, యాపిల్ కంప్యూటర్‌లోనూ నడుస్తుంది.

గింప్ డాట్ ఆర్గ్ అనే అసలు సైట్ నుంచే దించుకోండి. గింప్ స్పెల్లింగ్ ఇంగ్లిష్‌లో నాలుగే అక్షరాలు: జీ, ఐ, ఎం, పీ. వెతికినప్పుడు పైన వచ్చే ప్రకటనల మీద నొక్కొద్దు. ఎవరైనా డబ్బు, ఓటీపీ, బ్యాంకు వివరాలు అడిగితే అది అసలు సైట్ కాదని అర్థం. ఫైలు కొన్ని వందల ఎంబీ ఉంటుంది కాబట్టి వైఫై ఉన్నచోట దించుకుంటే మేలు. సొంత కంప్యూటర్ లేకపోతే పిల్లల ల్యాప్‌టాప్ అయినా, సమాఖ్య కార్యాలయంలో అనుమతి తీసుకుని అక్కడి కంప్యూటర్ అయినా సరిపోతుంది. ఒకసారి చేయి తిరిగితే ఒక్కో ఫొటోకి రెండు, మూడు నిమిషాలు చాలు.

రంగు సరిచేసే పద్ధతి

చీరను, ఫొటోను పక్కపక్కన పెట్టుకుని కూర్చోండి. చీర కళ్లముందు లేకుండా రంగు సరిచేయొద్దు.

1. ఫొటోను కేబుల్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించండి. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గుతుంది.

2. గింప్ తెరిచి, ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కి ఫొటోను ఎంచుకోండి.

3. పైన కలర్స్ అనే మెనూ ఉంటుంది. అందులో లెవెల్స్ నొక్కండి. కొండల్లాంటి గీతతో ఒక పెట్టె తెరుచుకుంటుంది. కంగారు పడకండి, ఆ గీతతో మనకు పని లేదు.

4. ఆ పెట్టెలో కింది భాగాన కళ్లలో మందు వేసే డ్రాపర్ లాంటి బొమ్మలు మూడు ఉంటాయి. ఒకటి నలుపుకి, ఒకటి బూడిదకి, ఒకటి తెలుపుకి. మౌస్ బాణాన్ని వాటి మీద ఉంచితే ఏది దేనికో పేరు కనిపిస్తుంది.

5. తెలుపు డ్రాపర్ నొక్కి, ఫొటోలో ఉన్న తెల్ల కాగితం మీద ఒకసారి క్లిక్ చేయండి. ఫొటో రంగంతా మారడం మీకే కనిపిస్తుంది.

6. స్ప్లిట్ వ్యూ అనే గడిలో టిక్ పెడితే సగం పాత రంగు, సగం కొత్త రంగు కనిపిస్తాయి. చేతిలోని చీరతో పోల్చుకోండి. పోలిస్తే ఓకే నొక్కండి. నచ్చకపోతే రీసెట్ నొక్కి కాగితం మీద ఇంకో చోట క్లిక్ చేయండి.

7. క్రాప్ టూల్‌తో కాగితం ఉన్న భాగాన్ని కత్తిరించేయండి.

8. ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ యాజ్ నొక్కి, పేరు చివర డాట్ జేపీజీ అని పెట్టి దాచండి. నాణ్యత 90 ఉంచితే సరిపోతుంది. మామూలు సేవ్ నొక్కితే గింప్ సొంత ఫైలుగా దాచుకుంటుంది, అది వాట్సాప్‌లో ఫొటోలా తెరుచుకోదు. కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. పాత ఫొటో పోకుండా కొత్త పేరు పెట్టండి.

ఆ ఒక్క క్లిక్‌తో ఏం జరిగింది?

ఫొటోలో ప్రతి చుక్కకూ మూడు అంకెలు ఉంటాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఒక్కోటి 0 నుంచి 255 దాకా. మూడూ సమానమైతే తెలుపో, బూడిదో, నలుపో అవుతుంది.

ఉదాహరణకు బల్బు కింద తీసిన ఫొటోలో తెల్ల కాగితం ఎరుపు 240, ఆకుపచ్చ 222, నీలం 180గా వచ్చిందనుకుందాం. నీలం బాగా తగ్గింది, అందుకే కాగితం పసుపుగా ఉంది. "ఇది తెలుపు" అని మీరు డ్రాపర్‌తో చూపించగానే గింప్ ఆ మూడింటినీ 255కి తెస్తుంది. ఏ రంగును ఎంత పెంచాల్సి వచ్చిందో మిగతా ఫొటోలోనూ ఆ రంగును అదే లెక్కన పెంచుతుంది. ఎరుపు కొంచెమే పెరుగుతుంది, నీలం దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది.

అదే ఫొటోలో చీర 120, 74, 90 అంకెలతో మెరూన్‌లా కనిపిస్తోంది అనుకోండి. సరిచేశాక సుమారు 128, 85, 128 అవుతుంది. ఎరుపు, నీలం సమానమయ్యాయి. అంటే వంకాయ రంగు. మేళాలో అక్క చీరకు జరిగింది ఇదే. చీరలో ఉన్న నీలాన్ని బల్బు వెలుగు దాచేసింది. పక్కన తెల్ల కాగితం ఉంటే ఆ నీలం ఎంత తగ్గిందో లెక్క దొరికేది.

సరిగ్గా రాకపోతే

*క్లిక్ చేసినా ఏమీ మారలేదు.* కాగితం మరీ మెరిసిపోయి ఉంటుంది. మూడు అంకెలూ అప్పటికే 255 అయిపోతే గింప్‌కి లెక్క దొరకదు. వెలుగు తగ్గించి మళ్లీ ఫొటో తీయండి.

*జరీ పాలిపోయింది.* కాగితం కన్నా జరీ ఎక్కువ మెరుస్తోంది. కంట్రోల్, జెడ్ కలిపి నొక్కి వెనక్కి వెళ్లండి. ఈసారి తెలుపు డ్రాపర్ బదులు బూడిద డ్రాపర్ తీసుకుని, కాగితంలో కాస్త నీడపడిన చోట క్లిక్ చేయండి. వెలుగు పెద్దగా పెరగకుండా రంగు మాత్రం సర్దుకుంటుంది.

*కలంకారీ గుడ్డ నీలంగా మారిపోయింది.* కాగితం మీద కాకుండా గుడ్డ నేల మీద క్లిక్ చేసి ఉంటారు. కలంకారీ గుడ్డను కరక్కాయ, పాలతో తడిపి ఆరబెడతారు కాబట్టి దాని నేల తెలుపు కాదు, లేత మీగడ రంగు. దాన్ని తెలుపు అని చూపిస్తే గింప్ ఆ పసుపుఛాయను తీసేస్తుంది. దాంతో పాటు మీ కలంకారీ అందమూ పోతుంది. చలువ చేయని నూలు గుడ్డకూ ఇదే వర్తిస్తుంది. క్లిక్ ఎప్పుడూ తెల్ల కాగితం మీదే.

*పాత ఫొటోలో కాగితం లేదు.* కలర్స్ మెనూలో ఆటో, అందులో వైట్ బ్యాలెన్స్ నొక్కి చూడండి. ఫొటోలో నిజంగా తెల్లనిది, నిజంగా నల్లనిది రెండూ ఉంటే ఇది బాగానే పనిచేస్తుంది. ప్లెయిన్ చీర నిండుగా ఉన్న ఫొటోకి మాత్రం రంగు ఇంకా చెడిపోవచ్చు. అప్పుడు కలర్స్ మెనూలోనే ఉన్న కలర్ టెంపరేచర్ తెరిచి, చీరను పక్కన పెట్టుకుని, రంగు కలిసేదాకా మీటను అటూ ఇటూ జరపండి. వీలైతే మళ్లీ ఫొటో తీయడమే తేలిక.

*ఎర్ర చీరలో నేత కనిపించడం లేదు, రంగు ముద్దలా ఉంది.* ఎరుపు అంకె 255 దాటలేక అక్కడే ఆగిపోయింది. పోయిన నేతను సాఫ్ట్‌వేర్ తేలేదు. వెలుగు తగ్గించి మళ్లీ తీయాలి.

పది చీరలకు ఒకే సెట్టింగ్

ఒకే పూట, ఒకే చోట పది చీరలు తీస్తే పదింటికీ విడివిడిగా క్లిక్ చేయనక్కర్లేదు. మొదటి ఫొటోకి లెవెల్స్ పెట్టాక, ఆ పెట్టె పైభాగంలో ప్రీసెట్స్ పక్కన ఉన్న కూడిక గుర్తు నొక్కి ఒక పేరు ఇవ్వండి. తర్వాతి ఫొటోల్లో ఆ పేరు ఎంచుకుంటే చాలు. అయితే ఫొటోకి ఫొటోకి ఫోన్ తన ఊహ మార్చుకోకూడదు. కెమెరాలో ప్రో మోడ్ ఉంటే డబ్ల్యూబీ అనే చోట ఆటో తీసేసి ఒకే అంకె దగ్గర నిలపండి.

ఫోన్ మాత్రమే ఉందా?

పర్వాలేదు. చాలా ఫోన్ల గ్యాలరీలో ఎడిట్ నొక్కితే వార్మ్‌త్ లేదా టెంపరేచర్ అనే మీట, టింట్ అనే మీట ఉంటాయి. మొదటిది పసుపు, నీలం మధ్య జరుపుతుంది. రెండోది ఆకుపచ్చ, గులాబీ మధ్య జరుపుతుంది. కాగితం తెల్లగా అయ్యేదాకా వీటిని జరపండి. అంకెల లెక్క ఉండదు కాబట్టి గింప్ అంత కచ్చితంగా రాదు, కానీ బల్బు పసుపు మాత్రం పోతుంది.

ఎక్కడ ఆపాలి?

రంగు సరిచేయడం వేరు, రంగు పెంచడం వేరు. అదే కలర్స్ మెనూలో సాచురేషన్ అనే మీట ఉంటుంది. దాన్ని పైకి జరిపితే ప్రతి చీరా పట్టుచీరలా మెరుస్తుంది. ఆర్డర్లూ రావొచ్చు. కానీ పార్శిల్‌లో వెళ్లేది చీరే గానీ ఫొటో కాదు కదా.

2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ఆన్‌లైన్ మార్కెట్లలో అమ్మేవాళ్లు చూపించిన లక్షణాలు సరుకులో లేకపోతే దాన్ని వెనక్కి తీసుకోనని అనడానికి వీల్లేదు. వాట్సాప్‌లో అమ్మినా తిరిగొచ్చిన చీర నష్టం మీదే, పోయిన నమ్మకం కూడా మీదే. రంగు వెలిసిన చోటు, మరక, నేతలో తప్పు ఉంటే ఫొటోలో చెరపొద్దు. అది చూపించి ధర తగ్గించి అమ్మండి. ఒక్కటే పరీక్ష: సరిచేసిన ఫొటోను, చీరను పక్కపక్కన పెట్టి ఇంట్లో ఇంకొకర్ని అడగండి. "రెండూ ఒకటే" అంటేనే పంపండి.

ఈ ఫొటోలను అస్సలు ముట్టుకోవద్దు

పైన చెప్పిందంతా అమ్మకం ఫొటోలకు మాత్రమే. ఇల్లు కట్టే దశలను చూపే జియో ట్యాగ్ ఫొటోలు, పంట నష్టం ఫొటోలు, యూనిట్ తనిఖీ ఫొటోలు, ధ్రువపత్రాల స్కాన్‌లు ఎలా తీశారో అలాగే ఇవ్వండి. మంచి ఉద్దేశంతో వెలుగు పెంచినా, ఎడిట్ చేశాక ఫొటోలో దాగి ఉండే తేదీ, లొకేషన్ వివరాలు పోవచ్చు. అప్పుడు మీ ఫొటో మీదే అనుమానం వస్తుంది, డబ్బు ఆగుతుంది. మసకగా వస్తే మళ్లీ తీయండి, సరిచేయొద్దు.

అమ్మకం ఫొటోలకు ఇది తిరగబడుతుంది. ఇంట్లో తీసిన ఫొటోలో మీ ఇంటి లొకేషన్ ఉండొచ్చు. అది బయటివాళ్లకు వెళ్లకూడదనుకుంటే, గింప్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎగ్జిఫ్ అనే గడిలో టిక్ తీసేయండి.

తరచూ అడిగే ప్రశ్నలు

*అన్నీ సరిగ్గా చేశాను. అయినా కస్టమర్ రంగు వేరుగా ఉందంటున్నారు. ఎందుకు?*
వాళ్ల ఫోన్ తెర మీద కూడా ఆధారపడి ఉంటుంది. కొన్ని తెరలు వివిడ్ మోడ్‌లో రంగులను పెంచి చూపిస్తాయి. రాత్రిపూట కంటికి హాయిగా ఉండాలని పెట్టుకునే మోడ్ తెరను పసుపుగా చేస్తుంది. అందుకే ఫొటో కింద రంగును మాటల్లోనూ రాయండి: "వంకాయ రంగు, మెరూన్ కాదు", "ముదురు ఆకుపచ్చ, నెమలి పింఛం రంగు కాదు". ఖరీదైన చీర అయితే పగటి వెలుగులో వీడియో కాల్ చేసి చూపించండి.

*నాకు ఇంగ్లిష్ రాదు. చేయగలనా?*
గుర్తుపట్టాల్సిన మాటలు నాలుగే: కలర్స్, లెవెల్స్, ఓకే, ఎక్స్‌పోర్ట్. మొదటి రెండుసార్లు చదువుకున్న పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. మౌస్ మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి.

*బొమ్మలు, బుట్టలు, పచ్చళ్లకూ ఇదేనా?*
ఇదే. ఏటికొప్పాక లక్క బొమ్మలకైనా, ఆవకాయ సీసాకైనా పక్కన తెల్ల కాగితం పెట్టాల్సిందే. మెరిసే బొమ్మల మీద నేరుగా వెలుగు పడకుండా చూసుకోండి.

పంపే ముందు చూసుకోండి

- పగటి వెలుగులో, నీడలో తీశానా?
- తెల్ల కాగితం అదే వెలుగులో ఉందా?
- లెవెల్స్‌లో క్లిక్ కాగితం మీదే చేశానా?
- చీర పక్కన పెట్టి పోల్చానా?
- జేపీజీగా ఎక్స్‌పోర్ట్ చేశానా, పాత ఫొటో భద్రంగా ఉందా?
- రంగు పేరు మాటల్లో రాశానా?

ఈ పీడీఎఫ్‌ను మీ సంఘం గ్రూపులో పంపండి. వచ్చే సమావేశానికి ఒక చీర, ఒక తెల్ల కాగితం తీసుకెళ్లండి. బల్బు కింద ఒక ఫొటో, వరండాలో ఒక ఫొటో తీసి పక్కపక్కన పెట్టి అందరికీ చూపించండి. నేను రెండు వేల మాటల్లో చెప్పింది ఆ రెండు ఫొటోలు చూస్తే వెంటనే అర్థమైపోతుంది.